అవ్వ చూసిన ఎర్రచుక్కలు

మా అవ్వ, అంటే మా అమ్మ, ఇప్పటికీ నా కాళ్లు చూడందే నాకు అన్నం పెట్టదు. రఘునాథపల్లిలో పుట్టింటి గడప తొక్కానో లేదో, "చీర జర మీదికి గుంజు" అంటుంది. మోకాళ్ల కింద అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, ఏమీ లేవని నమ్మకం కుదిరాకే కంచం తీస్తుంది. బస్సు నిండా జనాన్ని గదమాయించే దాన్ని, తల్లి ముందు మాత్రం చిన్నపిల్లలా కాళ్లు చూపిస్తూ నిలబడతాను. నవ్వొస్తుంది. నవ్వితే, "నవ్వు బిడ్డా, నేను సూడకుంటె ఇయ్యాల నవ్వనీకి నువ్వుండకపోదువు" అంటుంది.

ఆ గర్వం ఆమెకు దక్కాల్సిందే. ఎట్లా దక్కిందో చెబుదామనే కూర్చున్నాను. ఐసీయూ గాజు తలుపు బయట బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్లెవరైనా ఇది చదివితే, కాస్త ధైర్యమూ ఒక చిన్న జాగ్రత్తా అందుతాయని ఆశ.

నా పేరు సమ్మక్క. కాపురం భూపాలపల్లిలో. మా ఆయన సారయ్య బొగ్గు గనిలో కార్మికుడు. నేను బస్సు కండక్టర్‌ని. బస్సులో గంట తాడు ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే పోనిమ్మని. ఏళ్ల తరబడి అదే అలవాటై ఇంట్లో కూడా నోరు కదపకుండా గంటలు కొట్టేదాన్ని. సారయ్య అన్నం వడ్డిస్తుంటే గిన్నె మీద ఒక్క దెబ్బ వేస్తే చాలని, రెండు వేస్తే ఇంకా వేయమని. "ఇల్లనుకున్నవా, బస్సనుకున్నవా" అని గొణుక్కుంటూనే వడ్డించేవాడు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా నోరు మూతపడిన రోజున ఆ గంటే నన్ను కాపాడింది.

సమ్మె మొదట్లో

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. గని ఆగింది, బడులు మూతపడ్డాయి, మా బస్సులు డిపోలోనే నిలబడిపోయాయి. ఉన్న మాట చెప్పాలంటే, నా బతుకులో అంత సంబురం ఎప్పుడూ ఎరగను. రోజూ జనాన్ని ఎక్కించి దించే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం. నేను వెళ్లిన చోటల్లా గరిటె నా చేతికే వచ్చేది. డప్పు మోగితే గరిటె పక్కన పడేసి ఆడేదాన్ని, పాట ఆగితే మళ్లీ పప్పు కలిపేదాన్ని. గొంతు బొంగురుపోయినా నినాదం ఆపేదాన్ని కాదు.

ఒక రోజు పెద్ద వంట డేగిసా దించుతుంటే పొయ్యి రాయి జారి నా కుడి పాదం మీద పడింది. గోరు పక్కన చర్మం చీలింది. ఇంత పసుపు అద్ది, గుడ్డ చుట్టి, మళ్లీ ఆటలో కలిశాను. రెండు రోజులకు పాదం ఉబ్బింది. చెప్పు పట్టడం లేదు. దవాఖానకు పోదామని సారయ్య పోరితే, రాష్ట్రం వచ్చాకే పోతానని జోకులేశాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మర్నాటికి వణుకైంది. శిబిరంలో మైకు ముందు నినాదం సగంలో ఉండగా నా నోరు ఆగిపోయిందట, అక్కడే కూలబడ్డానట. నా గొంతు మధ్యలో ఆగడం అదే మొదటిసారి కాబట్టి, జనం మైకు పాడైందనుకున్నారట.

ఎవరిదో కారు దొరికింది. వంద అడ్డంకులు ఉన్న రోడ్డు అది. కానీ ఎక్కడ ఆపినా సారయ్య తల బయటపెట్టి "దవాఖాన" అనగానే రాళ్లు పక్కకు జరిగేవి, దారికి అడ్డం కూర్చున్నవాళ్లు లేచి దారిచ్చేవారు. చెల్పూర్ దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టం కనబడితే, అంత పరేషాన్‌లో కూడా సారయ్య, "గింకా పొగ వస్తనే ఉన్నది, ఎక్కడిది బొగ్గు" అన్నాడట. సమ్మె మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది.

పెత్తర అమావాస్యకు ముందు

హన్మకొండలో ఒక దవాఖానలో పడేశారు. పాదంలో మొదలైన విషం నెత్తురులో కలిసి ఊపిరితిత్తుల దాకా ఎక్కిందని చెప్పారు. నోట్లో గొట్టం వేశారు. ఆ రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. మిషన్ల చప్పుడు, తెల్లటి పైకప్పు, ఎవరో నా పాదాన్ని ముట్టుకున్నప్పుడల్లా లోపల పుట్టే మంట. గొంతే నా బతుకుతెరువు. ఆ గొంతులోనే అడ్డంగా ఏదో కూర్చుంది. అరవాలని ఉండేది, గాలి కూడా నాది కాదు.

కరెంటు కోతలు మొదలయ్యాయి. గనులు ఆగితే కరెంటు ఆగకుండా ఉంటుందా. లైటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాసేపు ఐసీయూ అంతా చీకటి. మిషన్లు బ్యాటరీ మీద కూతపెట్టేవి. గాజు తలుపు బయట సారయ్య పై ప్రాణం పైనే పోయేదట. బొగ్గు తీయనని ప్రమాణం చేసిన మనిషి, చీకటైనప్పుడల్లా ఒక్క తట్టెడు బొగ్గయినా తవ్వి ప్లాంటులో పోసి రావాలనిపించిందని తర్వాత నాతో చెప్పాడు. చెప్పి, శిబిరంలో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు పుస్తకంలో రాస్తున్నాను. ఏం చేస్తాడో చూద్దాం.

అట్లాంటి ఒక చీకట్లో ఎవరో నా చేయి పట్టుకున్నారు. "ఎక్కడికీ వెళ్లట్లేదండీ, ఇక్కడే ఉన్నాను" అంది ఒక ఆడగొంతు. మా డాక్టరమ్మ. సముద్రం వైపు నుంచి వచ్చిన మనిషి, మాట వింటేనే తెలిసిపోతుంది. మామూలు రోజుల్లో అయితే ఆ "అండీ"ని వెక్కిరించి ఉండేదాన్ని. సినిమాల్లో మా మాటను ఎన్నేళ్లు వెక్కిరించలేదు. కానీ ఆ చీకట్లో ఆ చేయి వెచ్చగా ఉంది. లైటు వచ్చేదాకా వదల్లేదు.

ఆమె ఒక గట్టి మందు మొదలుపెట్టింది. సెలైన్‌తో పాటు పొద్దున, సాయంత్రం ఎక్కించేవారు. పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. అది పనిచేసింది. జ్వరం దిగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే మందు అయిపోయింది. హైదరాబాద్ నుంచి రావాల్సిన సరుకు రోడ్ల మీద ఆగిపోయింది, ఊళ్లో ఏ మెడికల్ షాపులో అడిగినా లేదన్నారు. ఈ మందు నడుమ ఆగితే కష్టమని డాక్టరమ్మ చెప్పింది.

అప్పుడు లేచాడు మా అన్న మల్లేశం. రఘునాథపల్లి దగ్గర బడిలో సైన్సు పంతులు. సమ్మెలో ఉండి జనగామ శిబిరంలో ఉపన్యాసాలు ఇచ్చే మనిషి. బండి తీసుకుని హైదరాబాద్ పోయాడు. పోతూ ఆపారు, వస్తూ ఆపారు. ఒక చోట "నీ మాట నమ్మం" అన్నారట. మందు డబ్బా తెరిచి చూపించి, మా చెల్లె కండక్టర్, సమ్మెలోనే పడిపోయిందని చెబితే, ఆపినవాళ్లే బండికి జెండా కట్టి, ముందరి ఊరికి ఫోన్ చేసి, ఒకరి నుంచి ఒకరు దారి పట్టిస్తూ పంపారు. జనగామలో ఎవరో మంచినీళ్ల సీసా అంగీలో కుక్కారు. ముఖం నిండా మట్టి, ఛాతీకి తువ్వాలతో కట్టుకున్న డబ్బా, అట్లా వచ్చి నిలబడ్డాడు. వెయిటింగ్ హాల్లో ఉన్నవాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. ఆ క్షణం నుంచి ఆ మందుకు అసలు పేరు పోయింది. "మల్లేశం మందు" అనే అన్నారు అందరూ. మా అన్న ఆ ప్రయాణాన్ని చెప్పిన ప్రతిసారీ ఇంకో అడ్డంకి పెరిగేది.

ఆ హాల్లోనే అవ్వకు కమ్లి జతైంది. మానుకోట దగ్గరి తండా మనిషి. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు, మాకు మానుకోటే. ఆమె మొగుడు లచ్చు నా పక్క మంచం మీద ఉన్నాడు. ట్రాక్టర్ మీంచి పడితే పక్కటెముకలు విరిగి, ఛాతీలో చీము పట్టింది. కమ్లి ఇంట్లో మాట్లాడేది తండా భాష, తెలుగు వెతుక్కుని వెతుక్కుని మాట్లాడేది. అవ్వకు చెవి కొంచెం మందం. అయినా ఇద్దరూ పొద్దంతా మాట్లాడుకునేవారట. ఒకరి జొన్నరొట్టె ఒకరు తింటూ, ఒకరి కొంగు పరుచుకుని ఒకరు పడుకుంటూ గడిపారు. గేటు దగ్గర చాయ్ బండి ఖాజా భాయ్ బంద్ రోజు బండి మూసినా, ఒక ఫ్లాస్కు మాత్రం హాల్లో పెట్టి పోయేవాడు.

బతుకమ్మ నడుమ

గొట్టం తీసి మాస్క్ పెట్టారు. మాట్లాడొద్దన్నారు. ఎందుకన్నట్టు నేను మంచం రాడ్డు మీద ఉంగరంతో టకటకమని కొడితే, సిస్టర్ భయపడి పరుగెత్తుకొచ్చింది. సారయ్య నవ్వాడట. నేను పడిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. "గంట కొడుతున్నది, బతికింది" అన్నాడట. అప్పటి నుంచి నా మాట అదే. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీ.

రోజూ పొద్దున్నే ఒళ్లు తుడవడానికి అవ్వను లోపలికి రానిచ్చేవారు. ఒక రోజు కాళ్లు తుడుస్తూ అవ్వ చేయి ఆగింది. గుడ్డ పక్కన పెట్టి వంగింది. మోకాళ్ల కింద సన్నసన్నటి ఎర్రచుక్కలు, సూదితో పొడిచినట్టు. అవ్వ రెండు చేతులూ జోడించి నా కాళ్లకే దండం పెట్టింది. చచ్చిపోయానేమో అనుకున్నాను, బతికున్న బిడ్డ కాళ్లకు తల్లి ఎందుకు మొక్కుతుంది.

సంగతేమిటంటే, ఒంటి మీద చుక్కలు, పొక్కులు లేస్తే మా వైపు తల్లి పోసిందంటారు. అమ్మవారు ఒంట్లోకి వచ్చిందని లెక్క. ఇంట్లో పోపు వేయరు, వేపాకు పరుస్తారు, సూదులూ మందులూ బంద్. తల్లి వచ్చిన ఒంట్లోకి సూది పోతే ఆమెకు కోపమట. అవ్వ మర్నాడు కొంగు చాటున వేపమండ దాచి తెచ్చి నా దిండు కింద పెట్టింది. బయటకు పోయి, మందు ఆపాలని పట్టుబట్టింది.

మా అన్నకు నెత్తికెక్కింది. పిల్లలకు మూఢనమ్మకాల మీద పాఠం చెప్పే మనిషి, తన తల్లే ఐసీయూలో వేపాకు పెట్టిందంటే ఊరుకుంటాడా. ఊళ్లు దాటి తెచ్చిన మందును వేపమండకు బలి పెడతావా అని హాలంతా వినబడేలా కేకలేశాడు. అవ్వ మూతి ముడుచుకుని కమ్లి పక్కన కూర్చుంది. కమ్లి మాత్రం లేచి లోపలికి పోయి లచ్చు కాళ్లు చూసుకొచ్చిందట.

ఇంతలో సిస్టర్‌కు వేపమండ దొరికింది, డాక్టరమ్మ దాకా పోయింది. డాక్టరమ్మ అవ్వను పిలిపించింది. తిట్లు పడతాయని అందరూ అనుకున్నారు. ఆమె తిట్టలేదు. "ఇదెందుకు పెట్టారమ్మా" అని అడిగింది. అవ్వ నా మీది దుప్పటి పక్కకు తీసింది.

డాక్టరమ్మ ముఖం మారిపోవడం నేను చూశాను. వంగి, ఒక చుక్క మీద బొటనవేలితో నొక్కి తీసింది. చుక్క ఎరుపు తగ్గలేదు, చర్మం కింద నెత్తురు కారితేనే అట్లా ఉంటుందట. ఇంకో చోట నొక్కింది. అప్పటికప్పుడు నెత్తురు తీయించింది. ఆ సూది తీసిన చోట దూది ఎంతసేపు అదిమినా ఎర్రగానే ఉంది. సాయంత్రానికి నా చిగుళ్ల నుంచి నెత్తురు. నోరంతా ఉప్పగా, ఇనుము నాకినట్టు. మింగలేను, ఉమ్మలేను. నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అడుగంటాయని, తలలో ఎక్కడైనా కారితే చేతికి దక్కనని సారయ్యకు చెప్పారు. వేపాకు సంగతి మా అన్న మళ్లీ ఎత్తలేదు.

నిమ్మరసం

ఇది నేను కళ్లారా చూడలేదు. సారయ్య ఎన్నిసార్లు చెప్పాడో, ఇప్పుడు చూసినట్టే ఉంటుంది.

నా గ్రూపు నెత్తురు కావాలని భూపాలపల్లి శిబిరానికి ఫోన్ పోయింది. ఆ రోజు రిలే నిరాహార దీక్షలో కూర్చున్నవాళ్లు ఉన్నపళంగా లేచి, మోటారుసైకిళ్ల మీద వచ్చేశారు. మెడలో దీక్ష దండలు అట్లానే ఉన్నాయి. గాలికి పూలన్నీ రాలి దారాలు మిగిలాయట. బ్లడ్ బ్యాంకులో పనిచేసే అమ్మాయి వాళ్లను చూసి, తిన్నారా అని అడిగింది. పొద్దటి నుంచి మంచినీళ్లు తప్ప ముట్టలేదని అందరూ గర్వంగా చెప్పారు. అట్లాగైతే నెత్తురు తీసుకోనని ఆ అమ్మాయి చెప్పేసింది. ఖాళీ కడుపుతో ఇస్తే పడిపోతారంది.

కొండంత మనుషులు కుక్కిన పేనుల్లా అయిపోయారు. తింటే దీక్ష భంగం. శిబిరంలో జనం ముందు కూర్చుని, దండలు వేయించుకుని, నడుమ లేచి అన్నం తిన్నారంటే పరువేం కావాలి. తినకపోతే సమ్మక్క పోతుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు కొమురయ్య, గనిలో అందరికీ పెద్దన్న. కాసేపు గడ్డం గోక్కుని తేల్చేశాడు.

"దీక్ష ఎందుకు చేస్తున్నం? మనోళ్లు బతకాల్నని. గీ పిల్ల మన మనిషి గాదా? కని ఊకనే ఇడిస్తే బాగుండది. పెద్దమనిషి చేతులకెల్లి నిమ్మరసం తాగి ఇడుద్దాం."

దీక్ష విరమించాలంటే పెద్దవాళ్లెవరైనా నిమ్మరసం తాగించాలి కదా. ఎవరిని పిలవాలి, నాయకులంతా ఎక్కడెక్కడో ధర్నాల్లో ఉన్నారు. కొమురయ్య చుట్టూ చూసి, మూలన మూతి ముడుచుకుని కూర్చున్న మా అవ్వ దగ్గరకు పోయాడు. "అవ్వా, లే, నీతోనే పని" అన్నాడు. ఖాజా భాయ్ నిమ్మకాయలు కోసి, చక్కెర కలిపి, చాయ్ గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. పొలం గట్టు తప్ప వేదిక ఎరగని మా అవ్వ, కొంగు నడుముకు దోపి, ఒక్కొక్కరి నోటికి గ్లాసు అందించింది. జై తెలంగాణ అని దవాఖాన దద్దరిల్లింది. సిస్టర్లు వచ్చి గదిమితే, మెల్లగా అన్నారు కానీ మానలేదు. ఆ కేక ఐసీయూలోకి వచ్చింది. నేను రాడ్డు మీద రెండు దెబ్బలు కొట్టాను. ఎవరికీ వినబడి ఉండదు.

గేటు బయట ఆ రోజు కూడా వంటావార్పే. రోడ్డు మీద బంతి వేసి కడుపునిండా తినిపించారు. కాసేపు ఆగి ఒక్కొక్కరు చేయి చాపారు. రోజూ పాతాళం లోతుకు దిగి వచ్చే మనుషుల్లో ఒకడు సూది చూసి కళ్లు తేలేశాడు. మెలితిరిగిన మీసం ఆయనది, పేరు రాయను.

సద్దుల బతుకమ్మ ముందురోజు

వాళ్ల ప్లేట్‌లెట్లు ఎక్కించాక లెక్క పైకి లేచింది. హాల్లో పండగ. మర్నాటికి మళ్లీ దిగింది. ఇంకా ఎక్కించారు, ఇంకా దిగింది. చిల్లి కుండలో నీళ్లు పోసినట్టయింది.

డాక్టరమ్మ మా వాళ్లను పిలిచి కూర్చోబెట్టింది. మొదట ఇది జబ్బు పనే అనుకున్నానని, ఇప్పుడు మందు మీద అనుమానం పడిందని చెప్పింది. ఇన్ని రోజులు ఎక్కించాక కొందరి ఒంట్లో ఈ మందే ప్లేట్‌లెట్లను తగ్గిస్తుందట. ఆపి వేరే మందు పెట్టాలి. ఆపితే జ్వరం తిరగబడవచ్చు. ఆపకపోతే నెత్తురు ఆగకపోవచ్చు. దాచకుండా రెండూ చెప్పింది.

అవ్వ చేతులెత్తి మొక్కి, నేను మొదలే చెప్పిన గదా అంది. మా అన్న మాత్రం నిలబడిపోయాడు. ఆ మందు ఆయన ఛాతీకి కట్టుకుని తెచ్చింది. జెండాలు కట్టుకుని, ఊళ్లు దాటించుకుని తెచ్చింది. చెల్లెలిని బతికించింది నేనే అని ఆయన మనసులో అప్పటికే రాసుకున్నాడు.

"మేం పానాలకు తెగించి తెచ్చింది పారెయ్యమంటున్నరు" అన్నాడు. "మా కష్టం మీకెట్ల తెలుస్తది మేడమ్. మీరు ఆంధ్రోళ్లు."

హాలంతా చల్లబడిపోయిందట. ఆ రోజుల్లో ఆ మాట ఎక్కడ పడితే అక్కడ వినబడేది, కానీ ఐసీయూ గుమ్మంలో ఎవరూ అని ఉండరు. డాక్టరమ్మ ముఖం ఎర్రబడిందట.

"మీరు తెచ్చిన మందే ఆవిడ్ని ఇంతదూరం తీసుకొచ్చిందండీ. నేను కాదనను" అంది. "ఇక్కడ్నుంచి మాత్రం అది దిగిపోవాలి. నా మీద నమ్మకం లేకపోతే ఇంకో డాక్టర్ని నేనే పిలిపిస్తాను. సాయంత్రం డోసులోగా తేల్చుకోండి."

సారయ్య అన్నాడట, మనలో మనం కొట్లాడుకునుడెందుకు, బస్సు నడిపేది కండక్టర్ గంటే కదా, ఆమెనే అడుగుదామని. ముగ్గురూ నా దగ్గరకు వచ్చారు. డాక్టరమ్మ దూరంగా నిలబడింది. మా అన్న నా చెవి దగ్గర వంగి మొత్తం చెప్పాడు. ఒక్క మాట కూడా తనవైపు తిప్పుకోకుండా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. అది ఆయన మంచితనం.

"చెల్లె, నువ్వేమంటవు? మందు నడవాల్నా, ఆగాల్నా?"

నేను ఆయన ముఖం చూశాను. హైదరాబాద్ దారిలో ఎండకు కమిలిన ముఖం. దానికి రెండు గంటలు కొట్టాలనే ఉంది. నోట్లో ఉప్పు నెత్తురు నిండుతోంది. భయమేసింది, ఎంత భయమంటే, చనిపోతానని కాదు, చనిపోతే మా అన్న జీవితాంతం ఆ డబ్బాను చూసి ఏడుస్తాడని. నాకు సైన్సు తెలియదు, తల్లి పోయడం మీద నమ్మకమూ లేదు. కరెంటు పోయినప్పుడు నా చేయి పట్టుకున్నది ఎవరో మాత్రం తెలుసు.

ఉంగరంతో రాడ్డు మీద ఒక్కటి కొట్టాను.

మా అన్న రెండో దెబ్బ కోసం ఎదురుచూశాడు. కళ్లు నా వేలు మీదే ఉన్నాయి. నేను చేయి కిందకు దించేశాను. ఆయన తల ఊపి, పక్కకు తిరిగి, డాక్టరమ్మతో "ఆపేయండి" అన్నాడు. ఆ మాట ఆమె తీరుగానే అన్నాడు, తనకే తెలియకుండా.

దసరా దాటాక

సద్దుల బతుకమ్మ రోజు గేటు ముందు ఆడవాళ్లు ఆడారు. చప్పట్లు లోపలికి వినబడుతున్నాయి. నాకు కొత్త మందు ఎక్కుతోంది. జ్వరం తిరగబడుతుందేమోనని డాక్టరమ్మ, నెత్తురు కారుతుందేమోనని సారయ్య, తల్లి చల్లబడుతుందా లేదా అని అవ్వ, ముగ్గురూ మూడు రకాలుగా నన్ను కాపలా కాశారు. దసరా నాడు చిగుళ్లు ఎండాయి. జ్వరం రాలేదు. ఆ తర్వాత నెత్తురు పరీక్షలో లెక్క దానంతటదే, ఎవరి ప్లేట్‌లెట్లూ ఎక్కించకుండా, పైకి లేచింది. డాక్టరమ్మ కాగితం పట్టుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి నాకంటే ముందు అవ్వకు చెప్పింది. ఇది అమ్మవారు కాదమ్మా, మందు వల్లే, కానీ మీరు కాళ్లు చూడకపోతే మాకు ఆలస్యంగా తెలిసేదండీ అంది. అవ్వకు మొదటి ముక్క వినబడలేదు, లేదా వినలేదు. రెండో ముక్క మాత్రం ఊరంతా చెప్పింది.

మల్లేశం మందు సగం డబ్బా మిగిలిపోయింది. మా అన్న దాన్ని సంచిలో దాచాడు, పారేయలేడు, చూడలేడు. ఒక పొద్దున కమ్లి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. లచ్చుకు కూడా అదే మందు రాశారు, ఎక్కడా దొరకడం లేదు. మా అన్న లేచి, డాక్టరమ్మ ముందుకు పోయి నిలబడ్డాడు. తలెత్తలేదు.

"మేడమ్, గిది ఆయనకు పనికొస్తదా?"

"వస్తుందండీ. చాలా అవసరం. రోజు విడిచి రోజు రక్తం చూస్తూ ఇస్తాను" అంది. డబ్బా అందుకుని, "ఎన్ని ఊళ్లు దాటించారన్నారూ?" అని అడిగింది. మా అన్న ఆమెకు మొత్తం ప్రయాణం చెప్పాడు. ఆ రోజు కొత్త అడ్డంకి ఏదీ కలపలేదట.

ఇక అవ్వకు పని దొరికింది. తన బిడ్డ గండం గడిచింది, లచ్చు గండం మిగిలింది. పొద్దున్నే కమ్లిని లోపలికి తోలేది, కాళ్లు చూసి రమ్మని. కమ్లి వచ్చి "ఏం లెవ్వు అవ్వా" అంటే అప్పుడు చాయ్ తాగేది. నేను ఇంటికి వచ్చేసినా, వాళ్ల కోసం అవ్వ అక్కడే ఇంకొన్నాళ్లు ఉంటానని మొండికేస్తే, సారయ్య బతిమాలి తీసుకొచ్చాడు.

మళ్లీ గంట

సమ్మె ఆగింది. రాష్ట్రం అప్పుడే రాలేదు, దానికి ఇంకా చాలా నడవాల్సి ఉండింది. నా నడక కూడా అంతే, మంచం నుంచి గోడ దాకా, గోడ నుంచి వాకిలి దాకా. జుట్టు ఊడింది, కాళ్లు పుల్లల్లా అయ్యాయి. బస్సు ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. ఎక్కాక మానుకోట డ్యూటీ పడింది.

మందులు మానేయమని ఎవరికీ చెప్పను. నన్ను మొదట బతికించింది ఆ మందే. ఆపడం, మార్చడం డాక్టర్ల పని. కానీ ఒంటి మీద కొత్త చుక్క లేచినా, చిగుళ్లు తడిసినా, సూది చోట నెత్తురు ఆగకపోయినా, నోరు మూసుకోకండి. చెప్పడానికి నామోషీ పడకండి, కోపం చేస్తారని భయపడకండి. వేపమండ పెట్టినా సరే, దుప్పటి తీసి చూపించండి.

ఒక రోజు మానుకోట దాటి ఒక తండా స్టేజీ దగ్గర బస్సు ఆగింది. సంత రోజు, లోపల కాలు పెట్టే చోటు లేదు. ముందుకు జరుగుండ్రి అని అరుస్తూ టిక్కెట్లు కొడుతున్నాను. మెట్ల మీద గాజుల చప్పుడు. తలెత్తితే కమ్లి. వెనుక సన్నగా, నిటారుగా, కర్ర కూడా లేకుండా లచ్చు.

కమ్లి నా పేరు పిలవలేదు, బాగున్నావా అనలేదు. అంతమంది ముందు వంగి, మొగుడి ప్యాంటు రెండు కాళ్లూ మోకాళ్ల దాకా లాగేసింది. లచ్చు సిగ్గుతో కిటికీలోకి చూస్తున్నాడు. జనం నోళ్లు తెరిచారు.

"సూడక్కా" అంది కమ్లి. "సూసి అవ్వకు చెప్పు."

టిక్కెట్ల సంచి వెనక్కి నెట్టి వంగి చూశాను. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. పాత దెబ్బల మచ్చలు, మోకాలి కింద గోక్కున్న గీత, పొలం మట్టి. ఇంకేమీ లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేయి పైకెత్తి తాడు అందుకుని రెండుసార్లు లాగాను. బస్సు కదిలింది.